ఉత్తరపు గోడ

హోస్కీ నీళ్ళ ట్రక్కు తోలేవాడు. కయెంటా ఊరికి దక్షిణంగా, బ్లాక్ మీసా కొండ కిందా పైనా కలిపి అరవై మైళ్ళ మేర ఏ హోగన్‌లో ఎంతమంది ఉంటారో, ఎవరి నీళ్ళ పీపా కారుతుందో, ఎవరింటి కుక్క మొరిగి కరుస్తుందో, ఎవరిది మొరగకుండానే కరుస్తుందో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. జనాభా లెక్కలకు వచ్చిన సర్కారువాళ్ళు కూడా ముందు హోస్కీని వెతుక్కునేవాళ్ళు. యుద్ధంలో నాలుగేళ్ళు సైన్యపు లారీ తోలి వచ్చాడు కాబట్టి ఇంగ్లీషు వచ్చు. మాటలు తక్కువ. మంచివాడేనా అంటే మంచివాడే. ధైర్యవంతుడేనా అని మాత్రం నలభై రెండేళ్ళు వచ్చేదాకా ఎవరూ అడగాల్సిన పని పడలేదు.

అల్నబాని పెళ్ళి చేసుకుని, అందరిలాగే అత్తవారి చోటుకి వచ్చి దుంగలు పేర్చి మట్టి మెత్తి గుండ్రంగా హోగన్ కట్టుకున్నాడు. అత్తామామలది చిన్న మిట్టకి అవతల. మధ్యలో మిట్ట ఉంది కాబట్టే ఆ చోటు ఎంచుకున్నారు. మా తెగలో అల్లుడు అత్త ముఖం చూడకూడదు, అత్త అల్లుడి కంట పడకూడదు. చూస్తే అల్లుడికి కళ్ళు పోతాయి. ఈ కాలపు పిల్లలు నవ్వుతారు, నవ్వనీండి. ఆ రోజుల్లో ఎవరూ నవ్వేవారు కాదు. హోస్కీ మలుపు దగ్గర రెండుసార్లు హారన్ కొట్టేవాడు. ఆ చప్పుడు వినగానే అత్త చేస్తున్న పని వదిలేసి లోపలికి పోయేది, లేదంటే దుప్పటి తల మీదికి లాక్కుని అటు తిరిగి కూర్చునేది. పద్దెనిమిదేళ్ళు అలాగే గడిచాయి.

"మా అమ్మ ఇన్నేళ్ళుగా నీకు మాంసం వండి పంపుతోంది, ఆవిడ ముక్కు ఎలా ఉంటుందో కూడా నీకు తెలీదు" అని అల్నబా ఆటపట్టించేది.

"ఎందుకు తెలీదు? నీ ముక్కే ఆవిడదీను. మీ నాన్న చెప్పాడు, ఆ ముక్కుతో జాగ్రత్తరా అని" అనేవాడు హోస్కీ.

మామకీ హోస్కీకీ బాగా పడేది. ఆ పెద్దాయన పేరు నేను చెప్పను. పోయినవాళ్ళ పేరెత్తి వాళ్ళని వెనక్కి పిలవడం ఎవరికీ మంచిది కాదు. మహా వేళాకోళం మనిషి. ట్రక్కు వచ్చిన ప్రతిసారీ ఎదురొచ్చి, నీళ్ళలో సగం దారిలోనే తాగేశావా అని అడిగేవాడు. అత్త అల్లుడికి చెప్పాల్సిన మాటలన్నీ ఆయన నోటి మీదుగానే వచ్చేవి. వచ్చేటప్పుడు కాస్త మసాలా కూడా పడేది.

ఆ ఏడు తినే గింజలిచ్చే పిన్యోన్ చెట్లు విరగకాశాయి. అలా పదేళ్ళకోసారి కాస్తాయి. కొండ మీద చెట్ల కింద గింజలు దోసిళ్ళతో ఎత్తుకునేంతగా రాలాయి. చలి ముదిరాక అందరూ గొర్రెల్ని తోలుకుని కిందికి దిగిపోయారు గాని, ముసలివాళ్ళిద్దరూ కొండ మీది పాత హోగన్‌లోనే ఉండిపోయారు. ఇంకో నాలుగు గోనెలు ఏరుకుంటే వచ్చే ఏడు దాకా చూసుకోనక్కర్లేదని అత్త పట్టు. శనివారం ట్రక్కు తెచ్చి దింపుకుపోతానని హోస్కీ మాట ఇచ్చాడు. మంగళవారం మంచు మొదలైంది.

ఏడు రోజులు కురిసింది. మొదటి రెండు రోజులు పిల్లలు సంబరపడ్డారు. నాలుగో రోజుకి దొడ్లు కనపడలేదు, ఆరో రోజుకి తలుపులు కనపడలేదు. గొర్రెలు నిలబడ్డచోటే నిలబడి చచ్చిపోయాయి. ఎనిమిదో రోజు తెరిపిచ్చి ఎండ కాసేసరికి ఊళ్ళన్నీ ఎక్కడివక్కడ తెగిపోయి ఉన్నాయి. అప్పుడు సైన్యం విమానాలు వచ్చాయి. పెద్ద విమానాలు గడ్డి మోపులు పైనుంచి దొర్లించి పోయేవి. హెలికాప్టర్లు పిండి మూటలు, కాఫీ, కొవ్వు డబ్బాలు, అగ్గిపెట్టెలు వేసుకుని ఇంటింటికీ తిరిగేవి. జబ్బుపడ్డవాళ్ళనీ నిండు చూలాళ్ళనీ ఎక్కించుకొచ్చేవి. రేడియోలో మా భాషలోనే చెప్పారు: మంచు మీద బూడిదతో ఒక గీత గీస్తే గడ్డి కావాలని, రెండు గీస్తే తిండి కావాలని, సున్నా చుడితే జబ్బు మనిషి ఉన్నాడని గుర్తు.

పైనుంచి చూస్తే సైనికులకి మంచూ మట్టికప్పూ ఒకేలా ఉంటాయి. మనిషి ఉన్న ఇల్లేదో లేని ఇల్లేదో చెప్పడానికి ఒక్కో హెలికాప్టర్‌కి మావాళ్ళలో ఒకణ్ణి ఎక్కించుకున్నారు. హోస్కీ లేకుండా ఆ పని ఎలా జరుగుతుంది? కెప్టెన్ లోవెల్ అనే కుర్ర పైలట్ హెలికాప్టర్‌లో అతన్ని తెరిచిన తలుపు దగ్గర, నడుముకి పట్టీ బిగించి కూర్చోబెట్టారు. అతను చెయ్యి చూపిస్తాడు, పైలట్ కిందికి దించుతాడు, వెనకున్న సార్జెంటు మూట తోస్తాడు. హోస్కీ చెయ్యి చూపించకపోతే హెలికాప్టర్ ఆగదు. పద్ధతి అంతే.

మొదటి రోజు పొద్దున్నే అల్నబా అతని మెడకి తన ఎర్ర ఉన్ని గుడ్డ చుట్టింది. "ముందు మావాళ్ళ దగ్గరికి వెళ్ళు" అంది.

"పైనుంచి చూస్తే మీ అమ్మ కనపడుతుందేమో."

"కళ్ళు మూసుకో. ఆ సైనికుణ్ణి చూడమను. మూట మాత్రం పడాలి."

ఆ ఉదయమంతా కొండ కింది ఇళ్ళతోనే సరిపోయింది. మంచి పనే చేశాడు, అది చెప్పుకోవాలి. ఒకచోట ముగ్గురు పిల్లల తల్లిని, ఇంకోచోట కాళ్ళు గడ్డకట్టిన ముసలాయన్ని ఎక్కించారు. ఒక ముసలమ్మ మాత్రం, గడ్డి మోపు పడి తన మేకల దొడ్డి విరిగిందని, చూసి వేయడం చేతకాదా అని కర్ర ఊపుతూ హెలికాప్టర్‌ని తిట్టిపోసింది. ఏమంటోందని కెప్టెన్ లోవెల్ అడిగితే, చాలా సంతోషంగా ఉందంటోందని చెప్పాడు హోస్కీ. మధ్యాహ్నం దాటాక కొండ ఎక్కారు.

ఎండ పెళపెళలాడుతోంది. కింద మంచు మీద పడి ఆ వెలుగు కళ్ళలో గుచ్చుకుంటోంది. పిన్యోన్ చెట్ల గుంపు, దాని పక్కన ఎండిన వాగు, వాగు దాటాక అత్తామామల హోగన్. హోస్కీ చెయ్యి ఎత్తబోయి ఆగిపోయాడు.

పొగ లేదు. బూడిద గీతలు లేవు. ఇంటి ఉత్తరపు గోడకి పెద్ద కన్నం ఉంది. దుంగలు లాగేసి, మట్టి పెళ్ళలు మంచు మీద చెల్లాచెదురుగా పడి ఉన్నాయి.

మావాళ్ళెవరైనా సరే ఆ కన్నం చూస్తే గుర్రాన్ని వెనక్కి తిప్పుతారు. ఇంట్లో ప్రాణం పోతే, తూర్పున ఉన్న తలుపులోంచి శవాన్ని తీసుకురారు. ఉత్తరపు గోడ పగలగొట్టి అటునుంచి తీస్తారు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఉండరు. పోయినవాడి మంచి అంతా అతనితో పోతుంది, చెడు మాత్రం ఆ గోడల మధ్య మిగిలిపోతుంది. అక్కడి పుల్ల కూడా ఎవరూ ముట్టరు. హోస్కీ ఏడేళ్ళ పిల్లాడిగా ఉన్నప్పుడు తప్పిపోయిన గొర్రెపిల్ల వెంట పరిగెత్తి అలాంటి ఇంట్లో కాలు పెట్టాడు. ఆ చలికాలమే అతని చెల్లెలు దగ్గి దగ్గి పోయింది. ఎవరూ అతన్ని ఏమీ అనలేదు. అమ్మమ్మ మాత్రం చాలాసేపు అతని పాదాల వంక చూసింది. ఆ చూపు అతను మర్చిపోలేదు.

"దిగమంటావా?" అని చెవులకి తగిలించిన ఫోనులో లోవెల్ అడిగాడు. "ఆ ఇంటి పక్కన ఏదో కదిలినట్టనిపించింది నాకు."

ఇద్దరిలో ఒకరు పోయారు. ఎవరు? గోడ పగలగొట్టారంటే రెండోవారు బతికే ఉన్నారు. బతికున్నవాళ్ళు ఆ ఇంట్లో ఎందుకుంటారు, ఎటో వెళ్ళిపోయి ఉంటారు. ఇదంతా లెక్క ప్రకారం సరిగ్గానే ఉంది. కానీ అసలు సంగతి అది కాదు. దిగితే ఆ కన్నం ముందు నిలబడాలి. లోపలికి తొంగి చూడాలి.

"ఎవరూ లేరు" అన్నాడు. "అది పాతది. వదిలేసి ఏళ్ళయింది."

హెలికాప్టర్ ఒక చుట్టు తిరిగి తూర్పుకి మళ్ళింది. ఇందాకటి నుంచీ చేతిలో పట్టుకున్న మూటని సార్జెంటు వెనక్కి జరిపాడు.

సాయంత్రం చాప్టర్ హౌస్‌లో, అంటే మా ఊరి సభలు జరిగే హాల్లో, అల్నబా కాఫీ పోస్తోంది. అతన్ని చూడగానే గిన్నె కింద పెట్టింది. నోరు తెరిచి అడగలేదు, ముఖంతోనే అడిగింది. ఇంటి గోడ పగిలి ఉంది, మీ అమ్మో నాన్నో పోయారు, ఎవరో చూడకుండా వచ్చేశాను అని పెళ్ళాంతో ఎలా చెప్పడం?

"కొండ మీద పొగమంచు కమ్మింది. కింద ఏమీ కనపడలేదు. రేపు వెళ్తాం" అన్నాడు.

అల్నబా నమ్మింది. ఎందుకు నమ్మదు? పద్దెనిమిదేళ్ళలో ఆమెకి అతను చెప్పిన మొదటి అబద్ధం అది. నీళ్ళు ఆలస్యంగా తెచ్చినప్పుడు జనంతో చెప్పే చిన్నా చితకా అబద్ధాలు వేరు.

మర్నాడు పైలట్‌ని పడమటి వాగుల వైపు తీసుకెళ్ళాడు. ఆ మర్నాడు ఉత్తరానికి. దిగిన ప్రతి ఇంటి దగ్గరా, కొండ మీద నుంచి ఎవరైనా నడిచి వచ్చారా అని అడిగాడు. ఎవరూ రాలేదు. ఒకచోట మడమదాకా దుప్పటి కప్పుకున్న ముసలావిడ అటు తిరిగి నిలబడి ఉంటే, అత్తేమోనని ఉన్నచోటే ఆగిపోయాడు. ఆవిడ ఇటు తిరిగింది, ఆ ఇంటావిడే. సాయంత్రాలు అల్నబాకి ఏదో ఒకటి చెప్పాడు. పెట్రోలు చాలలేదన్నాడు. పైవాళ్ళు ఇంకోవైపు పంపారన్నాడు. ఆమె తలూపింది గాని, రెండో సాయంత్రం కాఫీ ఇచ్చేటప్పుడు అతని ముఖంలోకి ఒక క్షణం ఎక్కువసేపు చూసింది.

శుక్రవారం పొద్దున లోవెల్ పటం పట్టుకుని అతని దగ్గరికొచ్చాడు. "నువ్వు పాతదన్నావే, వాగు పక్కన, గోడకి కన్నమున్న ఇల్లు. నిన్న ఇంకో హెలికాప్టర్ వాళ్ళు అటు పోతూ దాంట్లోంచి పొగ వస్తుంటే చూశారట. పాడుబడ్డ ఇంట్లోంచి పొగెందుకొస్తుంది, హోస్కీ?"

హోస్కీ వెళ్ళి తన చోట్లో కూర్చుని పట్టీ బిగించుకున్నాడు.

ఆ రోజు దిగారు. మంచు లోతు, ఇంటికి దగ్గరగా దిగడానికి లేదు. నూరు బారల దూరంలో ఆపారు. సార్జెంటు తను వస్తానన్నాడు. హోస్కీ వద్దన్నాడు. నడుములోతు మంచులో ఈదుకుంటూ పోయి, ఇంటికి వీపు పెట్టి నిలబడ్డాడు. అత్త లోపలుంటే ముఖం ఎదురుపడకూడదు, అత్త లేకపోతే ఆ కన్నంలోకి అతని చూపు పోకూడదు. ఎటు చూసినా వీపు పెట్టడమే దారి.

"అత్తా" అని పిలిచాడు. ఆవిడతో అతను మాట్లాడిన మొదటి మాట అది. "నేను, హోస్కీని. ఉన్నావా?"

చాలాసేపటికి లోపల ఏదో జరిగిన చప్పుడైంది. "అటే తిరిగి ఉండు, నాయనా" అంది ఒక గొంతు. అచ్చం అల్నబా గొంతే, కాకపోతే ఎండిపోయి ఉంది. "ఇటు చూడకు. నేనొస్తా."

ఆమె ఆ కన్నంలోంచి పాకి వచ్చి, తల మీదికి దుప్పటి లాక్కుని, అతని వెనక కూలబడింది. అతను వంగి కూర్చున్నాడు. ఆమె అతని మెడ చుట్టూ చేతులు వేసింది. ఆమెని వీపున వేసుకుని లేచి నడిచాడు. ఏ బరువూ లేదు. తడిసిన దుప్పటి బరువే ఎక్కువ. ఆమె నోరు అతని చెవి పక్కనే ఉంది. పద్దెనిమిదేళ్ళు మామ చెప్పుకొచ్చిన మాటలు ఇప్పుడు ఆమే చెప్పింది, ఆగి ఆగి.

కట్టెల కుప్ప మంచు కింద పడిపోయిందట. తలుపు పూడుకుపోయింది. మామకి రొమ్ము పట్టేసి లేవలేకపోయాడు. నెగడు ఆరిపోతే ఆయన ఆ పూటే పోతాడని, గోడ దుంగలు ఒక్కొక్కటే ఊడదీసి కాల్చిందట. హోగన్‌లో దక్షిణం వైపు మగవాళ్ళ చోటు, ఉత్తరం వైపు ఆడవాళ్ళ చోటు. ఆయన పడుకున్న వైపు గాలి రాకూడదని తన వైపు గోడే విరిచింది. అది ఏ గుర్తో ఆమెకి తెలియక కాదు. వేరే గోడ లేదు.

హోస్కీ అడుగు పడలేదు.

"నిన్న పొద్దున పోయాడు" అంది. "పిన్యోన్ గింజలు నమిలి పెట్టేదాన్ని. మింగలేకపోయాడు. కాస్త పిండి ఉంటే జావ కాచి పోద్దును. ఆ మంగళవారం మీ యంత్రం చప్పుడు విన్నాడు. అల్లుడొచ్చాడే, నన్ను లేపి కూర్చోబెట్టు, పడుకుని ఉంటే వేళాకోళం చేస్తాడు, అన్నాడు. కూర్చోబెట్టాను. చాలాసేపు అలాగే కూర్చున్నాడు."

మంచు కరకరమంటోంది. హెలికాప్టర్ రెక్కలు తిరుగుతూనే ఉన్నాయి.

"మరి మీరు వెళ్ళిపోయారే, నాయనా. ఎందుకని?"

అక్కడ చెప్పేసి ఉండాల్సింది. ముఖం ఎదురుగా లేదు, చెవి పక్కన నోరుంది, అంతకంటే సులువుగా చెప్పే అవకాశం మనిషికి ఇంకోసారి రాదు. గోడ చూసి భయపడ్డానత్తా అంటే అయిపోయేది. అతని నాలుక మాత్రం ముందే అలవాటు పడ్డ దారిలో పోయింది.

"పొగమంచు, అత్తా. కింద ఏమీ కనపడలేదు."

పది పన్నెండు అడుగులు వేశాక, "అవును, పొగమంచే" అంది. తర్వాత తల అతని భుజం మీద వాల్చింది.

మామని ఆ సైనికులే అక్కడ పూడ్చిపెట్టారు. హోస్కీ చూడలేదు. సాయంత్రం అల్నబా తల్లిని పట్టుకుని ఏడ్చింది, తర్వాత వచ్చి మొగుణ్ణి పట్టుకుని, నువ్వు పోబట్టి అమ్మయినా దక్కింది అని ఏడ్చింది. అతను ఆమె వీపు నిమురుతూ నిలబడ్డాడు. ఆ నిమిషంలో చచ్చిపోయినా బాగుండుననుకున్నాడు.

అప్పటి నుంచి హోస్కీ మళ్ళీ మనిషి కాలేదు. పైకి మామూలే. ట్రక్కు తోలాడు, పీపాలు నింపాడు. కానీ కొండ ఎక్కేటప్పుడు ఇంజను చప్పుడు అతనికి హెలికాప్టర్ చప్పుడులా వినపడేది. బండి ఆపి, దిగి, ఆకాశం వంక చూసేవాడు. ఏమీ ఉండేది కాదు. ఎక్కి తాళం తిప్పితే మళ్ళీ అదే చప్పుడు. పొగమంచు పట్టిన రోజు అసలు ఇంట్లోంచి బయటికి వచ్చేవాడు కాదు. తెల్లగా అన్నిటినీ మూసేసిన ఆ పొగ మధ్య, ఎవరో వాకిట్లో లేచి కూర్చుని తన కోసం ఎదురు చూస్తున్నట్టు ఉండేది.

అల్నబా ఊరుకోలేదు. పాటలతో వైద్యం చేసే పెద్దాయన్ని పిలిపించింది. ఆయన వచ్చి, చేతిలో పుప్పొడి పట్టుకుని, ఏం చూశావు, ఏం ముట్టావు, ఎక్కడ తప్పావు అని అడిగాడు. జబ్బుకి మూలం చెబితేనే పాట పనిచేస్తుంది, చెప్పకపోతే నేను గొంతు చించుకోవడమే మిగులుతుంది అని కూడా అన్నాడు. చావు జరిగిన ఇంటి పక్కన నిలబడ్డానని హోస్కీ చెప్పాడు. అది నిజమే. దానికి తగ్గ పాట ఐదు రోజులు పాడారు. చుట్టాలందరూ వచ్చారు, రెండు గొర్రెల్ని కోశారు. పాడినదానికి ఆ జబ్బు నయమయ్యే ఉంటుంది. అతనికున్న జబ్బు అది కాదు.

అన్నిటికంటే అతన్ని తినేసింది అత్త మెచ్చుకోలు. మిట్టకి అవతలి హోగన్‌లో ఆమె పదకొండేళ్ళు బతికింది. ఎవరొచ్చినా సరే, కొండ మీది సంగతి ఎత్తితే చాలు, "మా అల్లుడు మొదటి రోజే వచ్చాడమ్మా. పాపం, పొగమంచు కమ్మేసింది. లేకపోతే ఆయన బతికేవాడే" అనేది. పెళ్ళిళ్ళలో అంది. గొర్రెల బొచ్చు కత్తిరించేచోట అంది. దుప్పటి గోడగా కట్టిన గదికి ఇవతల హోస్కీ కూర్చుని వింటుండగా కూడా అంది. ఆ మొదటి రోజు పొగమంచు ఎక్కడిదని ఎవరో ఒక ముసలాయన గొణిగితే, "కొండ మీద ఉన్నది నువ్వా నేనా?" అని నోరు మూయించింది. గొర్రెని కోసినప్పుడల్లా పక్కటెముకలు అల్లుడికే పంపేది. అతను ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి నమిలి, అల్నబా చూడనప్పుడు కుక్కకి వేసేవాడు. కుక్క బాగా బలిసింది.

పదకొండో ఏడు వేసవిలో అత్తకి కడుపులో పుండు లేచింది. ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అల్నబా తొమ్మిది రోజులు తల్లి మంచం పక్కనే ఉంది. పదో రోజు ఎవరి ట్రక్కులోనో వచ్చి, గాలిమర తొట్టి దగ్గర దిగింది. హోస్కీ అక్కడే ఉన్నాడు, ట్యాంకులో గొట్టం పెట్టి నీళ్ళు నింపుతున్నాడు. ఆమె ముఖం చూడగానే అత్త పోయిందని అర్థమైంది. టోపీ తీశాడు.

ఆమె దగ్గరికొచ్చి ట్రక్కుకి ఆనుకుని నిలబడింది. చాలా అలసిపోయి ఉంది.

"నీకో మాట చెప్పమంది" అంది. "మొన్న తెలివొచ్చినప్పుడు చెప్పింది. పొల్లు పోకుండా చెప్పమని నాతో రెండుసార్లు చెప్పించుకుంది."

"ఏంటి?"

"ఆ రోజు ఎండ కాసిందట. మంగళవారం. నెగడు నిప్పులకు దిగిపోతే, తను బయట మంచులో కట్టెల కోసం తవ్వుతోందట. యంత్రం బాగా కిందికి వచ్చింది, తలుపు దగ్గర నువ్వు కూర్చుని ఉన్నావు, నీ మెడకి నా ఎర్ర గుడ్డ ఉంది, నీ ముఖం మీద ఎండ పడుతోంది, అంతా కనపడింది అంది. చెయ్యి ఊపబోయిందట. మళ్ళీ, అల్లుడు నన్ను చూస్తే కళ్ళు పోతాయి, ఇంకా బోలెడు బతుకుంది వాడికి, మూట ఎలాగూ వేసిపోతాడు కదా అనుకుని దుప్పటి కప్పుకుని మంచులో బోర్లా పడుకుందట. లేచి చూసేసరికి మీరు లేరు." అల్నబా ఊపిరి తీసుకుంది. "ఒక్కసారి చెయ్యి ఊపి ఉంటే మీ నాన్న ఉండేవాడు, తప్పు నాది, అల్లుణ్ణి ఇంక బాధపడొద్దని చెప్పు, అంది."

గొట్టంలోంచి నీళ్ళు పడుతూనే ఉన్నాయి. ట్యాంకు నిండి, పైనుంచి పొర్లి, చక్రాల కింద ఎర్ర మట్టిని తడుపుతున్నాయి. హోస్కీ గొట్టం కట్టలేదు.

"పొగమంచన్నావు" అంది అల్నబా.

అప్పుడు చెప్పాడు. పదకొండేళ్ళుగా లోపల గడ్డకట్టినదంతా చెప్పాడు. గోడ చూశానన్నాడు. ఇద్దరిలో ఒకరు పోయారని తెలిసిందన్నాడు. పైలట్ దిగుదామన్నాడు, నేనే వద్దన్నాను, వదిలేసి ఏళ్ళయిందని చెప్పాను అన్నాడు. మీ అమ్మ నా కళ్ళ కోసం దాక్కుంది, నేను నా కోసం దాక్కున్నాను అన్నాడు. తప్పు ఆవిడది కాదని ఆవిడ ఉండగా ఒక్కసారైనా చెప్పి ఉంటే, అన్నాడు, ఆ మాట పూర్తి చెయ్యలేకపోయాడు.

అల్నబా మధ్యలో అడ్డు రాలేదు. ఏడవలేదు. తిట్టినా బాగుండుననుకుని అతను చూశాడు, తిట్టలేదు. తడి మట్టిలోంచి పాదాలు తీసి పొడి నేల మీదికి జరిగింది.

"నాన్నకి ఆ చప్పుడు వినపడిందా?" అని అడిగింది.

అత్త తనకి వీపు మీద చెప్పిన ఆ మాట కూతురికి ఎప్పుడూ చెప్పలేదని హోస్కీకి అప్పుడు తెలిసింది. లేదని చెప్పొచ్చు. ఇంకో అబద్ధం, చాలా చిన్నది, ఎవరూ దాన్ని కాదనలేరు.

"వినపడింది" అన్నాడు. "అల్లుడొచ్చాడు, నన్ను లేపి కూర్చోబెట్టమన్నాడట. చాలాసేపు కూర్చున్నాడట."

అల్నబా తల మీది గుడ్డ విప్పి మళ్ళీ కట్టుకుంది. వంగి గొట్టం మర కట్టేసింది. నీళ్ళ చప్పుడు ఆగిపోయింది.

"నువ్వు బండి తీసుకుని పో" అంది. "నేను నడిచొస్తాను."

అక్కడి నుంచి ఇంటికి తొమ్మిది మైళ్ళు.